7000 ఆర్‌పీఎం తిరగాల్సిన ఎల్‌ఎస్1కి ఏ టైమింగ్ చైన్ వేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఎల్‌ఎస్1 అంటే జనరల్ మోటార్స్ వీ8 ఇంజన్, టైమింగ్ చైన్ అంటే క్రాంక్‌షాఫ్టు తిరుగుడును వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టుకు అందించే గొలుసు. అల్యూమినియం ఎల్‌ఎస్1 బ్లాకు, క్రాంక్‌ను పట్టి ఉంచే మెయిన్ క్యాపులకు బోల్టులు తీసేసి స్టడ్లు వేసి లైన్ హోన్ (క్రాంక్ కూర్చునే రంధ్రాలను ఒకే వరసలో మళ్లీ సానపట్టడం) చేయించారు. ఎక్కువ లిఫ్టు ఉన్న క్యామ్, గట్టి వాల్వు స్ప్రింగులు తెచ్చుకున్నారు. రెవ్ లిమిట్ (నిమిషానికి చుట్ల పరిమితి) 7000 దాకా పెంచాలి. పాత చైన్ వేలితో నొక్కితే బాగా లోపలికి పోతోంది. కొత్తది డబుల్ రోలర్ (రెండు వరసల చైన్) వేయాలా, మంచి సింగిల్ సరిపోతుందా, అసలు చైన్ బదులు గేర్లతో తిప్పే గేర్ డ్రైవే మేలా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. నాణ్యమైన సింగిల్ వరస చైన్, దాంతో జతగా వచ్చిన రెండు స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు), చైన్ ఊపుని ఆపే ఒక డ్యాంపర్. అయితే ఏ సైజు అన్నది ఇప్పుడే చెప్పలేను. మీరు కూడా ఇవాళే ఆర్డరు పెట్టొద్దు. లైన్ హోన్ అయిన బ్లాకు కనుక కొలిచి కొనాలి.

చైన్ గురించి అడిగేవాళ్లలో చాలామంది తెగిపోతుందన్న భయంతోనే అడుగుతారు. ఇరవై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్నాను, వేరే ఏ దెబ్బా తగలకుండా దానంతట అది తెగిన చైన్ నాకు చాలా అరుదుగా కనబడింది. ఒక లెక్క చూడండి. 9.525 మి.మీ. పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) ఉన్న మామూలు పారిశ్రామిక చైన్, 06బి రకం, ఒక్క వరసదే అయినా కనీసం 8.9 కిలోన్యూటన్ల లాగుడు తట్టుకోవాలని ప్రమాణం ఉంది. అంటే దాదాపు 900 కిలోల బరువు వేలాడదీసినట్టు. ఇంజన్ కోసం చేసే చైన్లు అంతకన్నా మెరుగైన ఉక్కుతో వస్తాయి. బలం సమస్య కాదు. అరుగుదల సమస్య.

మనం "చైన్ సాగింది" అంటాం గానీ ప్లేట్లు సాగవు. ప్రతి లింకు దగ్గర ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్ ఉంటాయి. చైన్ స్ప్రాకెట్ మీదికి ఎక్కినప్పుడు ఒకసారి, దిగినప్పుడు ఒకసారి ఆ పిన్ను బుష్‌లో కొద్దిగా మెలి తిరుగుతుంది. అరిగేది అక్కడే. క్రాంక్ స్ప్రాకెట్‌కు 21 పళ్లు, క్యామ్‌కు 42 అనుకుందాం, రెంటి మధ్య దూరం సుమారు 125 మి.మీ. అప్పుడు చైన్‌లో 58 లింకుల దాకా ఉంటాయి. ఒక్కో జాయింటు మిల్లీమీటరులో నూరో వంతు అరిగితే మొత్తం చైన్ 0.6 మి.మీ. దగ్గర పొడవవుతుంది. ముందు పూర్తి బిగువుగా ఉన్న చైన్ ఇంత పొడవైతే, ఒక పక్క మధ్యలో వేలితో నొక్కినప్పుడు 6 మి.మీ. లోపలికి పోతుంది. కంటికి ఆనని అరుగుదల వేలికి అంత లూజుగా తెలుస్తుందన్నమాట.

అందుకే చైన్ కొనేటప్పుడు ఎన్ని వరసలో చూసేముందు పిన్ను ఎలాంటిదో చూడండి. మంచి తయారీదారులు పిన్నుల పైపొరను క్రోమియం కార్బైడ్‌తోనో వెనేడియం కార్బైడ్‌తోనో గట్టిపరుస్తారు. బుష్‌ను రేకు చుట్టి చేయకుండా అతుకు లేని గొట్టంలా చేస్తారు. చుట్టిన బుష్‌లో అతుకు దగ్గర సన్నని గాడి ఉంటుంది. పిన్నుకి పూర్తి ఆనుడు దొరకదు, ఆ చోట అరుగుదల ముందు మొదలవుతుంది. ఇంకొకటి, ఫ్యాక్టరీలోనే చైన్‌ను బరువు పెట్టి లాగి సర్దుతారు. అలా చేయని చైన్ ఆ మొదటి సర్దుబాటు మీ ఇంజన్లోనే చేసుకుంటుంది. ఓసారి ఒక ఇంజన్‌లో పేరు చూసి నమ్మి వేసిన కొత్త చైన్ కొద్ది వేల కిలోమీటర్లకే కవర్ లోపల చప్పుడు చేసింది. విప్పి ఒక లింకు కోసి, పిన్ను బయటకు తీసి భూతద్దం కింద పెట్టాను. ఒక వైపు మాత్రమే మెరుపు, ఆ మెరుపు అంచున గోరుకు తగిలేంత మెట్టు. బుష్ అతుకు సరిగ్గా దాని ఎదురుగా ఉంది. అప్పటినుంచి బుష్ ఎలా చేశారో తెలియని చైన్ నేను వేయడం లేదు. ఐవిస్, త్సుబాకి, క్లోయెస్, రోల్‌మాస్టర్ లాంటి పేర్లు మీరు వినే ఉంటారు. వీళ్లలో కూడా ఒక్కొక్కరికి మూడు నాలుగు తరగతుల సరుకు ఉంటుంది కాబట్టి బ్రాండు చూసి ఆగిపోకుండా ఆ సెట్ నంబరుకు పిన్ను, బుష్, స్ప్రాకెట్ వివరాలు చదవండి. పార్టు నంబరు లేని, పెట్టె మీద ఒక రాత, చైన్ మీద ఇంకో రాత ఉన్న సరుకు ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

ఇప్పుడు సింగిలా డబులా అన్న విషయం. డబుల్ రోలర్ పాత స్మాల్ బ్లాక్ షెవీ (షెవ్రలే వీ8) ఇంజన్ల రోజుల నుంచి వచ్చిన అలవాటు. ఆ ఇంజన్లకు ఫ్యాక్టరీ నుంచి వచ్చినది సైలెంట్ చైన్ (రోలర్లు లేని, పళ్ల ప్లేట్ల చైన్), చాలావాటికి క్యామ్ స్ప్రాకెట్ పళ్లు నైలాన్‌వి. ఆ నైలాన్ ఎండి, పగిలి ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంప్‌లో పడేది. దాని బదులు ఉక్కు డబుల్ రోలర్ వేస్తే నిజంగానే పెద్ద మెరుగు. కానీ మీ ఇంజన్ అది కాదు. ఎల్‌ఎస్ కుటుంబంలోనే 7.0 లీటర్ల ఎల్‌ఎస్7 ఫ్యాక్టరీ నుంచి 7000 ఆర్‌పీఎం రెడ్‌లైన్‌తో, సింగిల్ వరస చైన్‌తోనే వచ్చింది. సీ5ఆర్ పేరుతో దొరికే చైన్ కూడా సింగిలే. ఆ పేరు 2001, 2002, 2004 సంవత్సరాల్లో 24 గంటల లీ మాన్ రేసులో తన తరగతి గెలిచిన కార్వెట్ సీ5-ఆర్ కారు నుంచి వచ్చింది. మీరు కోరుకుంటున్న వేగం ఒక్క వరసకు కొత్త కాదు.

ఇక డబుల్ వేస్తే ఏం మారుతుందో చూద్దాం. 9.525 మి.మీ. పిచ్ చైన్ 21 పళ్ల స్ప్రాకెట్ మీద 7000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 23 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది, గంటకు 84 కిలోమీటర్లు. ఆ వేగంలో చైన్ సొంత బరువే బయటికి విసురుతూ దాన్ని లాగుతుంది. 06బి లెక్కలోనే సింగిల్ మీటరుకు 0.41 కిలోలు, డబుల్ 0.78 కిలోలు. అంటే ఆ విసురు లాగుడు కూడా సింగిల్‌లో 220 న్యూటన్లుంటే డబుల్‌లో 420 దాటుతుంది. డబుల్ దీన్ని తట్టుకుంటుంది, అది సమస్య కాదు. కానీ వదులు వైపు కొరడాలా ఊగడానికి అంత బరువు ఎక్కువ దొరికినట్టే కదా.

దీనికన్నా అసలు తలనొప్పి ఎల్‌ఎస్‌లో వేరే ఉంది. ఆయిల్ పంపు క్రాంక్ ముందు భాగం మీదే, చైన్‌కి ఎదురుగా ఉంటుంది. డబుల్ వేయాలంటే పంపును స్పేసర్లతో ముందుకు జరపాలి. పంపు జరిగితే సంప్ నుంచి ఆయిల్ పీల్చే పికప్ ట్యూబు కూడా దానితో సరిపడాలి, ఆ ట్యూబు ఓ-రింగు ఏటవాలుగా కూర్చుంటే పంపు గాలి పీలుస్తుంది. ఐడిల్‌లో ప్రెజర్ గేజ్ బాగానే చూపిస్తుంది. పై ఆర్‌పీఎంలో పడిపోతుంది, బేరింగులు పోయాక గాని కారణం దొరకదు. చైన్ బలం కోసం పోయి ఆయిల్ ప్రెజర్ పోగొట్టుకున్న ఇంజన్లు చూశాను కాబట్టి చెబుతున్నాను. పైగా చాలా డబుల్ సెట్లతో డ్యాంపర్ పట్టదు.

మీ స్ప్రింగులకు ఆ డ్యాంపర్ అవసరం. వాల్వు తెరుచుకునేటప్పుడు స్ప్రింగు క్యామ్‌ని వెనక్కి పట్టుకుంటుంది, చైన్ బిగుస్తుంది. లోబ్ (క్యామ్ మీద వాల్వును లేపే ఉబ్బు) శిఖరం దాటాక అదే స్ప్రింగు క్యామ్‌ని ముందుకు తోస్తుంది. ఆ క్షణం బిగువు వైపు వదులవుతుంది. ఎనిమిది సిలిండర్లు, పదహారు వాల్వులు, ప్రతి రెండు చుట్లకు పదహారు సార్లు ఈ తోపులాట. స్ప్రింగు ఎంత గట్టిగా ఉంటే అంత దెబ్బ. మీ ఇంజన్‌లో చైన్‌ను బిగువుగా ఉంచే హైడ్రాలిక్ టెన్షనర్ లేదు, కాబట్టి ఆ ఊపుని ఆపేది చైన్ పక్కనుంచి ఆనుకునే ప్లాస్టిక్ డ్యాంపర్ ఒక్కటే. ఎల్‌ఎస్2తో వచ్చింది అదే. పాత ఎల్‌ఎస్1 బ్లాకుల్లో చాలావాటికి దాన్ని బిగించే రెండు రంధ్రాలు ఉండవు. బ్లాకు ముందు ముఖం చూసి మీదానికి ఉన్నాయో లేవో నిర్ధారించుకోండి. లేకపోతే క్యామ్ రిటైనర్ ప్లేటు బోల్టుల దగ్గరే బిగే అడాప్టర్లు దొరుకుతాయి.

గేర్ డ్రైవ్ గురించి ఎక్కువ రాయను. టైమింగ్ కచ్చితంగా ఉంటుంది, నిజమే. కానీ క్రాంక్ వణుకు మొత్తం నేరుగా క్యామ్‌కి ఎక్కుతుంది, ఆ రొద నాక్ సెన్సార్‌ను (సిలిండర్లో ఇంధనం తప్పుగా పేలే చప్పుడును పట్టే సెన్సార్) తికమక పెడుతుంది. నాక్ సెన్సార్ మీద ఆధారపడి ట్యూన్ అయ్యే ఇంజన్‌లో నేను వేయను.

ఇక సైజు సంగతి, నేను మీరు కొలవాలన్నది దీనికోసమే. లైన్ హోన్ చేసేటప్పుడు క్యాపుల ముఖాలు కొద్దిగా కోసి, రంధ్రాన్ని మళ్లీ గుండ్రంగా తెస్తారు. అప్పుడు క్రాంక్ మధ్యగీత కొంచెం పైకి, క్యామ్ వైపుకి జరుగుతుంది. ఎంతో కాదు. కానీ చైన్ రెండు పక్కలా ఉంది కాబట్టి జరిగినదానికి రెట్టింపు పొడవు మిగిలిపోతుంది. 0.1 మి.మీ. జరిగితే 0.2 మి.మీ. లూజు. పైన చెప్పిన కొలతలతో అది ఒక పక్క మధ్యలో మూడున్నర మిల్లీమీటర్లు నొక్కుకుపోయేంత. అంటే సరికొత్త చైన్, డబ్బాలోంచి తీసి వేసిన రోజే, సగం అరిగిన చైన్‌లా ప్రవర్తిస్తుంది. మీ పాత చైన్ లూజులో కూడా కొంత ఈ వాటా ఉండొచ్చు.

దీనికోసమే మంచి తయారీదారులు కొంచెం పొట్టి చైన్ సెట్లు అమ్ముతారు. అంగుళంలో వెయ్యికి 5 వంతులు, వెయ్యికి 10 వంతులు తక్కువ మధ్యదూరానికి, అంటే 0.127 మి.మీ., 0.254 మి.మీ. తక్కువకి. ఇక్కడ చాలామంది "లూజు కన్నా బిగువు మేలు" అని పొట్టిది కొనేస్తారు. అల్యూమినియం బ్లాకులో అది ప్రమాదం. అల్యూమినియం వేడికి ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. గది వేడి నుంచి 80 డిగ్రీలు పెరిగితే, 125 మి.మీ. దూరం దగ్గర బ్లాకు చైన్ కన్నా సుమారు 0.11 మి.మీ. ఎక్కువ పెరుగుతుంది. ఆ పొట్టి సెట్ మొదటి మెట్టుకు దాదాపు సమానం! చల్లగా ఉన్నప్పుడు వీణ తీగలా బిగిసిన చైన్ వేడెక్కాక క్యామ్ ముందు బేరింగును, క్రాంక్ ముందు బేరింగును ఒకదానివైపు ఒకటి లాగుతూ ఉంటుంది. పోత ఇనుము బ్లాకులో ఈ తేడా చాలా తక్కువ, అక్కడ చల్లగా ఉన్నప్పుడే కొంచెం బిగువు పెట్టుకోవచ్చు. మీకు చల్లగా కాస్త వదులు ఉండాలి.

కాబట్టి ఇలా చేయండి. మీ బ్లాకు హోన్ చేసిన షాపును క్రాంక్, క్యామ్ మధ్యదూరం ఎంత తగ్గిందో అడగండి. మంచి షాపు కొలిచి పెట్టుకుంటుంది. కొలత దొరక్కపోతే కొత్త స్టాండర్డ్ చైన్ ఒకటి అరువుకైనా తెచ్చి, కొత్త స్ప్రాకెట్లతో వేసి చూడండి. ఒక లిఫ్టరు (క్యామ్ మీద ఆనే భాగం) మీద డయల్ గేజ్, క్రాంక్ మీద డిగ్రీ వీల్ పెట్టండి. క్రాంక్‌ను నడక దిశలో మెల్లగా తిప్పి, సూది సగం లిఫ్టు దగ్గర ఉండగా ఆపండి. అక్కడి నుంచి వెనక్కి తిప్పుతూ, సూది కదలడం మొదలయ్యేసరికి వీల్ ఎన్ని డిగ్రీలు పోయిందో రాసుకోండి. ఆ ఖాళీ తిరుగుడే మీ అసలు లూజు. వేలితో నొక్కి చూసే అంచనా కన్నా ఇది నమ్మదగింది. తర్వాత చైన్ చుట్టూ నాలుగైదు చోట్ల ఇదే చేయండి. ఒక చోట బిగువు, ఒక చోట వదులు వస్తే స్ప్రాకెట్ రంధ్రం మధ్యలో లేదని అర్థం, ఆ సెట్ వాపసు చేయండి.

చైన్ ఆలస్యం వల్ల ఎంత టైమింగ్ పోతుందో కూడా లెక్క చెబుతాను, అనవసరపు భయం వద్దు. 42 పళ్ల క్యామ్ స్ప్రాకెట్ చుట్టుకొలత 400 మి.మీ. బిగువు వైపు చైన్ ఒక మిల్లీమీటరు పొడవైతే క్యామ్ 0.9 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 1.8 డిగ్రీలు వెనకబడుతుంది. మీ ఇంజన్‌లో బిగువు వైపు పొట్టిది కనుక అరిగిన చైన్ వల్ల ఒకటి రెండు డిగ్రీలకు మించి పోదు. చైన్ మూడు రెట్లు పొడవుండే ట్విన్ క్యామ్ ఇంజన్లలో అదే అరుగుదల చాలా ఎక్కువ తప్పుని తెస్తుంది. క్యామ్ వెనకబడితే కింది ఆర్‌పీఎంలో లాగుడు తగ్గుతుంది, అదే మొదటి గుర్తు.

స్ప్రాకెట్లు ఎప్పుడూ సెట్‌తోనే మార్చండి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే రోలరు పన్ను అడుగున కూర్చోక పైకి ఎక్కుతుంది, కొత్త చైన్ పాతదానంత వేగంగా పోతుంది. పళ్లు ఇండక్షన్ పద్ధతిలో గట్టిపరిచిన ఉక్కువి అయితే మంచిది. ఎల్‌ఎస్‌లో ఇంకో మెలిక ఉంది. క్యామ్ స్ప్రాకెట్ మూడు బోల్టులదా, ఒక్క బోల్టుదా అన్నది మీ కొత్త క్యామ్‌ను బట్టి ఉంటుంది. మీ ఎల్‌ఎస్1లో క్యామ్ సెన్సార్ బ్లాకు వెనక ఉండి క్యామ్ మీది గుర్తును చదువుతుంది. తర్వాతి తరం ఇంజన్లలో అది ముందు కవర్లో ఉండి స్ప్రాకెట్ మీది గుర్తులను చదువుతుంది. క్యామ్ ఒక తరానిది, సెట్ ఇంకో తరానిది అయితే బిగుతుంది గానీ ఇంజన్‌కి సిగ్నల్ రాదు.

క్రాంక్ స్ప్రాకెట్ ఎక్కువ కీవేలు (క్రాంక్ మీది కీ కూర్చునే గాడులు) ఉన్నది తీసుకోండి. స్ప్రాకెట్ల మీది చుక్కకి చుక్క కలిపి మూసేయకండి, డిగ్రీ చేయండి, అంటే క్యామ్ అసలు స్థానాన్ని డిగ్రీల్లో కొలిచి సరిచేయండి. ముందు పిస్టన్ స్టాప్‌తో నిజమైన టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైన ఉండే స్థానం) కనుక్కోండి. తర్వాత ఒకటో సిలిండర్ ఇన్‌టేక్ లోబ్ శిఖరానికి 1.27 మి.మీ. కింద రెండు వైపులా రీడింగు తీయండి. ఉదాహరణకి టీడీసీ తర్వాత 76, 148 వచ్చాయనుకోండి, సగటు 112. క్యామ్‌తో వచ్చిన కొలతల కార్డు 110 అంటే మీ క్యామ్ 2 డిగ్రీలు వెనకబడి ఉంది, ఆ మేరకు ముందుకు జరిపే కీవేకి మార్చాలి. క్యామ్ ముందుకు జరిపితే ఇన్‌టేక్ వాల్వు పిస్టన్‌కి దగ్గరవుతుంది, వెనక్కి జరిపితే ఎగ్జాస్టు. ఇన్‌టేక్‌కి 2 మి.మీ., ఎగ్జాస్టుకి 2.5 మి.మీ. ఖాళీ తగ్గకుండా పిస్టన్ మీద మట్టి ముద్ద పెట్టి చూసుకోండి.

కీవేల దగ్గర ఒక జాగ్రత్త. ప్రతి కీవేకి దాని సొంత పన్ను గుర్తు ఉంటుంది, ఒకటి గుండ్రం, ఒకటి త్రికోణం, ఒకటి చదరం. మొదటి రోజుల్లో నేను కీవే త్రికోణానిది వాడి, పన్ను గుర్తు గుండ్రానిది కలిపాను. ఒక్క పన్ను తేడా అంటే 21 పళ్ల స్ప్రాకెట్ మీద 17 డిగ్రీలు. ప్లగ్గులు తీసి చేత్తో తిప్పుతుంటే ఒక చోట మెత్తగా ఆగింది. కొంచెం బలం పెట్టి ఉంటే వాల్వు వంగేది. అలా ఆగితే వెంటనే వదిలేయండి, గుర్తులు మళ్లీ చూడండి. రెండు పూర్తి చుట్లు ఎక్కడా తగలకుండా చేత్తో తిరిగాకే కవర్ మూయాలి.

ట్విన్ క్యామ్ ఇంజన్ వాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్లకు ఒక మాట. గుర్తు కోసం చైన్ మీద ఉండే రంగు లింకులు ఒకసారి తిప్పాక మళ్లీ గుర్తులకు ఎదురు రావడం లేదని కంగారు పడొద్దు. 130 లింకుల చైన్, 20, 40 పళ్ల స్ప్రాకెట్లు అయితే 26 క్రాంక్ చుట్ల తర్వాతే అవి మళ్లీ కలుస్తాయి. ఈ ఇంజన్లలో క్రాంక్‌ను వెనక్కి తిప్పితే టెన్షనర్ వదులై చైన్ పన్ను దాటొచ్చు, అది మాత్రం చేయకండి. ట్విన్ క్యామ్ వాళ్లు చైన్‌తో పాటు టెన్షనర్, గైడ్లు అన్నీ మార్చాల్సిందే.

ఆయిల్ సంగతి మర్చిపోవద్దు, ఎంత మంచి పిన్ను అయినా మసి కలిసిన ఆయిల్‌లో సానరాయి మీద పెట్టినట్టు అరుగుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో ఈ బాధ ఎంత ముదిరిందంటే 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఇంజన్ ఆయిల్ ప్రమాణంలో చైన్ అరుగుదలకు ప్రత్యేకంగా ఒక పరీక్ష చేర్చారు. మీది పోర్ట్ ఇంజెక్షనే అయినా ఆ ముద్ర ఉన్న ఆయిల్ వాడండి, మార్చే గడువు తగ్గించండి. వేసేముందు చైన్‌ను శుభ్రమైన ఇంజన్ ఆయిల్‌లో రాత్రంతా నానబెట్టండి, బుష్ లోపలికి ఆయిల్ చేరడానికి సమయం పడుతుంది. స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసి ప్రెజర్ వచ్చేదాకా స్టార్టర్‌తో తిప్పండి. క్యామ్ స్ప్రాకెట్ బోల్టులు కొత్తవే వాడండి, తయారీదారు చెప్పిన టార్క్‌కి, చెప్పిన లాకింగ్ ద్రవంతో.

మధ్యదూరం ఎంత తగ్గిందో, స్టాండర్డ్ చైన్‌తో ఖాళీ తిరుగుడు ఎన్ని డిగ్రీలు వచ్చిందో, డ్యాంపర్ రంధ్రాలు ఉన్నాయో లేవో, ఈ మూడూ రాయండి. క్యామ్ కార్డు ఫొటో కూడా పెట్టండి. స్టాండర్డ్ సెట్టా, 0.127 తక్కువదా అన్నది అప్పుడు కచ్చితంగా చెబుతాను.